జుట్టు పరీక్ష రిపోర్టు: రంగులు ఘనం, కొలత అనుమానం

ఐదు స్టార్లకు రెండు ఇస్తున్నాను. ఆ రెండూ రిపోర్టు చివర ఉన్న వివరణ పేజీకే.

నేను సర్క్యూట్ బోర్డులకు సీసంతో సోల్డరింగ్ చేస్తుంటాను. ఒంట్లో సీసం ఎంత చేరిందో చూద్దామని ఈ సర్వీసుకు జుట్టు కత్తిరించి పంపాను. ప్యాకింగ్ బాగుంది, రిపోర్టూ చెప్పిన టైముకే వచ్చింది.

వివరణ పేజీ నిజంగా బాగా రాశారు. రక్తం తయారీకి అవసరమైన ఒక ఎంజైములో జింక్ ఉండాల్సిన చోటును సీసం ఆక్రమిస్తుంది. కాల్షియం వేషంలో ఎముకల్లోకి దూరి ఏళ్ల తరబడి తిష్ఠ వేస్తుంది. పాదరసం ఒంటికి కావాల్సిన సెలీనియం అనే ఖనిజాన్ని పట్టుకుంటే ఓ పట్టాన వదలదు. ఇవన్నీ నిజాలే. చిక్కల్లా కొలతతోనే.

నా జింక్ ‘చాలా ఎక్కువ’ అని ఎర్రగీత గీశారు. నేను వాడేది జింక్ పైరిథియోన్ ఉన్న చుండ్రు షాంపూ. బయట అంటుకున్న జింక్ ఏదో, ఒంట్లోంచి వచ్చింది ఏదో ఎంత కడిగినా పూర్తిగా విడదీయలేరు. పనిచేసేచోట దుమ్ముతో వచ్చిన సీసం సంగతీ అంతే. ఫారంలో షాంపూ పేరు అడిగారు కూడా, అడిగి ఏం చేశారో మరి! ఆ అంకెలతోనే సీసం-జింక్ నిష్పత్తి కట్టి, నా సమతుల్యత దెబ్బతిందని తేల్చేశారు. 2001లో అచ్చయిన ఓ అధ్యయనంలో, అమెరికాలో ఒకే మనిషి జుట్టును ఆరు ల్యాబులకు పంపితే, 12 ఖనిజాల దగ్గర పదింతలకు పైగా తేడాలొచ్చాయి. అయినా ఈ వ్యాపారం ఆగలేదు.

అసలు వింత ఫోన్లో. జింక్ ఎక్కువని మీరే అంటూ జింక్ మాత్రలెందుకు రాశారండీ అని అడిగాను. “జుట్టులో ఎక్కువుంటే కణాల్లో తక్కువున్నట్టు సార్” అంది ఫోనెత్తిన సర్వీసు అమ్మాయి. మరి తక్కువ వచ్చుంటే? “అప్పుడూ మాత్రలే సార్.” ఎక్కువ మోతాదులో జింక్ చాలాకాలం మింగితే ఒంట్లో రాగి తగ్గిపోతుందన్న ముక్క ఎక్కడా లేదు.

నాకు పనికొచ్చే విషయం మా డాక్టరు చెప్పారు. ఒంట్లో ఇనుము తగ్గితే, దాన్ని పీల్చుకోవడానికి పేగు తలుపులు బార్లా తెరుస్తుంది. ఆ సందులో కాడ్మియం అనే విషలోహం, కొంతమేర సీసం కూడా లోపలికొస్తాయి. అందుకని సీసానికి నరంలోంచి రక్తం తీసి చూశారు, దాంతోపాటే ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్. సీసం కంగారుపడేంత లేదు. ఫెరిటిన్ మాత్రం బాగా తక్కువ. మీరూ సీసంతో పనిచేస్తుంటే ఈ రెండూ చేయించుకోండి, జుట్టు జోలికి పోకండి.

డబ్బు వాపసు అడిగాను. తర్వాతి జుట్టు పరీక్షకు డిస్కౌంట్ కూపన్ పంపారు.