ప్లాసిబోతో పోల్చాలా, పనిచేసే మందుతోనా?

పేద దేశాల్లో ఎయిడ్స్ పరిశోధనల గురించి ఎప్పుడు రాసినా పాఠకులు అడిగే ప్రశ్న ఒకటే. తల్లి నుంచి బిడ్డకు హెచ్‌ఐవీ సోకకుండా అడ్డుకునే మందు ఉందని తెలిశాక కూడా, 1990లలో ఆఫ్రికా, ఆసియా గర్భిణులు కొందరికి ఉత్తుత్తి మాత్రలు (ప్లాసిబో) ఇచ్చి ప్రయోగాలు చేయడం తప్పా, తప్పనిసరా?

అమెరికా, ఫ్రాన్స్‌లలో గర్భిణులపై జరిగిన, 076 అని పిలిచే ప్రయోగం ఫలితాలు 1994లోనే వచ్చాయి. ఏజెడ్‌టీ అనే హెచ్‌ఐవీ మందుతో బిడ్డలకు వైరస్ సోకడం 25.5 శాతం నుంచి 8.3 శాతానికి పడిపోయింది. కానీ తల్లి వారాల తరబడి మాత్రలు మింగాలి, ప్రసవమప్పుడు సెలైన్ ద్వారా మందు ఎక్కించుకోవాలి, బిడ్డకు ఆరు వారాలు మందు పట్టాలి. ఒక్కో తల్లికి మందు ఖర్చే సుమారు 800 డాలర్లు. అందుకే తక్కువ రోజుల, తక్కువ ఖర్చు 'పొట్టి చికిత్స' కోసం వెతికారు. దాన్ని దేనితో పోల్చాలన్న దగ్గరే తగవు వచ్చింది.

ప్లాసిబో కావాలన్నవారి వాదన తీసిపారేయదగ్గది కాదు. తక్కువ మందితో, త్వరగా, స్పష్టంగా ఫలితం తేలుతుంది. థాయ్‌లాండ్‌లో నాలుగు వందల లోపు తల్లులతో చేసిన ప్రయోగంలో, పొట్టి చికిత్స సంక్రమణను 18.9 శాతం నుంచి 9.4 శాతానికి తగ్గించిందని 1998 ఫిబ్రవరిలో తేలింది. ఆ వెంటనే ఐవరీ కోస్ట్‌లో నడుస్తున్న ఇలాంటి ప్రయోగాల్లోనూ ప్లాసిబో ఆపేశారు. వైరస్ పాల ద్వారా కూడా సోకుతుంది కనుక, తల్లిపాలు తప్పనిసరైన చోట మందు ఎంతవరకు నిలబడుతుందో అప్పటికి ఎవరికీ తెలియదు కూడా. అది వాళ్ల వాదనలో నిజంగా గట్టి అంశం.

'అక్కడి తల్లులకు ఎలాగూ ఏ మందూ అందడం లేదు కదా' అన్న మాటను మాత్రం ఒప్పుకోలేను. మందు అందకపోవడానికి కారణం దాని ధర. ఆ లేమినే స్థానిక వైద్య ప్రమాణంగా రాసుకుంటే, ఎంత పేద దేశానికి వెళితే పరిశోధకుడి బాధ్యత అంత తగ్గుతుంది. 1997లో అమెరికా వైద్యులు పీటర్ లూరీ, సిడ్నీ వుల్ఫ్ న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఈ ప్రయోగాలను తప్పుపట్టింది ఇందుకే.

నా తూకంలో అన్నిటికంటే బరువైనది, ప్రయోగం ఏ ప్రశ్నకు జవాబు వెతుకుతోందన్నది. 'పొట్టి చికిత్స ఏమీ ఇవ్వకపోవడం కంటే నయమా' అన్నది ప్లాసిబో చెబుతుంది. 'పూర్తి చికిత్సను ఎంతవరకు తగ్గిస్తే బిడ్డకు నష్టం ఉండదు' అన్నది అది చెప్పజాలదు. ఆరోగ్య శాఖలకు కావలసింది ఆ రెండోదే. అదే థాయ్‌లాండ్‌లో హార్వర్డ్ పరిశోధకులు ప్లాసిబో లేకుండా, అందరికీ ఏజెడ్‌టీ ఇస్తూ, వ్యవధి మాత్రం మార్చి చూశారు. తల్లికీ బిడ్డకూ కొద్ది రోజులే ఇచ్చిన బృందంలో 10.5 శాతం మంది బిడ్డలకు, ఇద్దరికీ ఎక్కువ కాలం ఇచ్చిన బృందంలో 4.1 శాతం మందికి వైరస్ సోకినట్లు మధ్యలోనే కనిపించింది. పొట్టి బృందాన్ని అక్కడే ఆపేశారు. తల్లికి ముందునుంచీ ఇస్తే బిడ్డకు మూడు రోజుల మందు చాలని కూడా చివరికి తేలింది. దీనికి 1,400 మందికి పైగా తల్లులు కావలసివచ్చింది. ఆ ఖర్చు సమంజసమే.

పాత రికార్డులతో పోల్చడం మూడో దారి. పాలు పట్టే పద్ధతి, తల్లి ఆరోగ్యం చోటు చోటుకూ మారతాయి కనుక దాన్ని నమ్మలేం.

కొత్త చికిత్సను అప్పటికున్న అత్యుత్తమ చికిత్సతోనే పోల్చాలని 2000లో సవరించిన హెల్సింకీ ప్రకటన (మనుషులపై వైద్య పరిశోధనలకు ప్రపంచ వైద్య సంఘం రాసిన నైతిక సూత్రాలు) అంది. 2002లో ఇచ్చిన వివరణ బలమైన శాస్త్రీయ కారణాలుంటే ప్లాసిబోకు వీలు కల్పించింది. మందు ధర ఆ కారణాల్లో ఒకటి కాకూడదని నా పట్టు.