ఫెర్నాండా మోంటెనెగ్రోని చూడాలంటే ఇక్కడ మొదలుపెట్టండి: ‘సెంట్రల్ దో బ్రజిల్’ రివ్యూ

బ్రెజిల్ నటి ఫెర్నాండా మోంటెనెగ్రో సినిమా ఒక్కటే చూసే తీరిక ఉంటే, అది ‘సెంట్రల్ దో బ్రజిల్’ కావాలి. వాల్టర్ సాలెస్ దర్శకత్వంలో 1998లో వచ్చింది. నిడివి రెండు గంటల లోపే. ఆ ఏడాది బెర్లిన్ చిత్రోత్సవంలో సినిమాకి గోల్డెన్ బేర్, ఆమెకి ఉత్తమ నటిగా సిల్వర్ బేర్ దక్కాయి. 1999లో ఆస్కార్ ఉత్తమ నటి నామినేషన్ వచ్చేటప్పటికి ఆమెకి 69 ఏళ్లు. బ్రెజిల్ నటికి ఆ గౌరవం రావడం అదే మొదటిసారి. అవార్డు మాత్రం గ్వినెత్ పాల్ట్రోకి వెళ్లింది. బ్రెజిల్ వాళ్లకి ఆ బాధ ఇంకా పోలేదు, పోనక్కర్లేదు కూడా.

కథ రియో డి జనీరో పెద్ద రైల్వే స్టేషన్లో మొదలవుతుంది. డోరా రిటైరైన టీచరు. స్టేషన్లో ఒక చిన్న బల్ల వేసుకుని, చదువురాని వాళ్లు చెబుతుంటే ఉత్తరాలు రాసిపెడుతుంది. రాసినందుకు డబ్బు తీసుకుంటుంది, పోస్టు చేస్తానని ఇంకొంత తీసుకుంటుంది. చాలావాటిని పోస్టు చేయదు. ఇంటికి తీసుకెళ్లి, పక్కింటి ఐరీన్‌తో కలిసి చదివి, కొన్ని చింపేస్తుంది, కొన్ని సొరుగులో పడేస్తుంది. మన ఊళ్లలో పోస్టాఫీసు అరుగు మీద జాబులు రాయించుకున్న పెద్దవాళ్లెవరైనా ఈ సన్నివేశం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అలా ఉత్తరం రాయించుకున్న ఆనా అనే ఆమె స్టేషన్ బయట బస్సు కింద పడి చనిపోతుంది. ఆమె తొమ్మిదేళ్ల కొడుకు జోసువె దిక్కులేకుండా మిగులుతాడు. డోరా వాణ్ని పిల్లల్ని అమ్మే ముఠాకి అప్పగించి, ఆ డబ్బుతో కొత్త టీవీ కొనుక్కుంటుంది. ఐరీన్ గడ్డి పెట్టాక వాణ్ని ఎత్తుకొచ్చేసి, తండ్రిని వెతుక్కుంటూ ఈశాన్య బ్రెజిల్‌కి బస్సెక్కుతుంది.

ఇలాంటి పాత్ర చేసే నటికి ఒక ఆశ పుడుతుంది: తొందరగా మంచిదైపోవాలని, ప్రేక్షకుడి జాలి ముందే సంపాదించుకోవాలని. మోంటెనెగ్రో ఆ పని ఎక్కడా చేయలేదు. కొత్త టీవీ కొనుక్కొచ్చినప్పుడు డోరా ముఖంలో ఉన్నది అచ్చమైన సంతోషమే. పశ్చాత్తాపం తాలూకు చిన్న నీడ కూడా కలపలేదు. అందుకే తర్వాత వచ్చే మార్పుని మనం నమ్ముతాం.

మొదటి పది నిమిషాలు జాగ్రత్తగా చూడండి. ఎదుటివాళ్లు చెబుతుంటారు, ఆమె వింటుంది. షూటింగ్‌లో స్టేషన్లో బల్ల వేసి ఆమెని కూర్చోబెడితే, దారినపోయేవాళ్లు నిజంగానే ఉత్తరాలు రాసే మనిషనుకుని వచ్చి చెప్పుకున్నారు. వాళ్లలో కొందరు సినిమాలో ఉన్నారు. అప్పటికప్పుడు వచ్చిన మనిషి ఏం చెబుతాడో తెలియకుండా, పాత్రలోంచి జారకుండా వినడం అందరికీ చేతకాదు. జోసువెగా చేసిన వినీసియస్ దె ఒలివైరా కూడా రియో విమానాశ్రయంలో బూట్లు పాలిష్ చేసే పిల్లాడే, అదివరకు నటించినవాడు కాదు. వాడి పక్కన ఆమె ఎక్కడా పెద్ద నటిలా కనపడదు.

ఈ వినే అలవాటు ఎక్కడిదో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1929లో రియోలో పుట్టిన ఆమె అసలు పేరు ఆర్లెట్ పిన్యేరో. 1951లో రియో టీవీ టుపి కాంట్రాక్టు ఇచ్చిన మొట్టమొదటి నటి ఆమే. అప్పట్లో టీవీలో నాటకాలు లైవ్‌లోనే వేసేవారు. రీటేక్ ఉండదు. ఎదుటి నటుడు డైలాగ్ మరిచిపోతే అక్కడికక్కడే సర్దుకోవాలి, అందుకు ప్రతి మాటా చెవినపెట్టి తీరాలి. 1959లో భర్త ఫెర్నాండో టోరెస్, సెర్జియో బ్రిటో, ఇటాలో రోసీ తదితరులతో కలిసి ‘తియాత్రో దుస్ సెచి’ నాటక సంస్థ పెట్టారు. సినిమాకి వచ్చింది 1965లో, ‘ఎ ఫాలెసిడా’తో.

మళ్లీ సినిమాలోకి వస్తే, సగంలో లారీ డ్రైవర్ సెజార్‌తో దాబాలో కూర్చునే సన్నివేశం ఉంది. అతని మీద డోరాకి మనసవుతుంది. బాత్రూంలోకి వెళ్లి అద్దంలో చూసుకుంటూ లిప్‌స్టిక్ పూసుకుంటుంది. తిరిగొచ్చేసరికి అద్దాల కిటికీ అవతల లారీ కదిలి వెళ్లిపోతుంటుంది. అంతే సన్నివేశం. మరో నటి అయితే ఇక్కడ వెక్కి వెక్కి ఏడ్చేది. ఈమె మాత్రం ఆ లిప్‌స్టిక్‌ ముఖంతో అలా ఉండిపోతుంది, కన్నీళ్లు వాటంతటవే వస్తాయి. సినిమా మొత్తంలో అత్యుత్తమ నటన ఇదే.

లోపం లేదని కాదు. చివరి అరగంటలో సంగీతం కొన్నిచోట్ల మనల్ని ఏడిపించాలని చూస్తుంది. ఆమె ముఖం ఉండగా ఆ సాయం అక్కర్లేదు.

చూసేముందు కొన్ని సంగతులు. ఆడియో పోర్చుగీసే పెట్టుకోండి. ఇంగ్లిష్ డబ్బింగ్ కనపడితే మార్చేయండి, ఎందుకంటే ఆమె గొంతులోని గరగర, విసుగు, మధ్యలో ఆగే ఊపిరి డబ్బింగ్‌లో పోతాయి. సినిమాస్కోప్ తరహా వెడల్పు ఫ్రేములో తీసిన సినిమా ఇది. పక్కలు కోసేసి టీవీ తెర నిండా చేసిన పాత కాపీలు వద్దు. రియోలో ఉన్నంతసేపూ వెనకంతా మసకగా, ఇరుకుగా ఉంటుంది. ఈశాన్యం చేరేకొద్దీ ఫ్రేము తెరుచుకుని ఆకాశం, దూరం కనపడతాయి. కోసిన కాపీలో ఈ తేడా అస్సలు తెలియదు. ఫోన్లో చూసినా ఇదే నష్టం. చిన్నపిల్లలతో కలిసి చూసే సినిమా కాదు: స్టేషన్లో చిల్లర దొంగతనం చేసిన కుర్రాణ్ని వెంటాడి కాల్చేస్తారు, పిల్లల్ని అవయవాల కోసం అమ్మే ప్రస్తావన ఉంది.

ఇది నచ్చితే తర్వాత ‘ఎలెస్ నావ్ ఉజామ్ బ్లాక్-టై’ చూడండి. లియోన్ హిర్ష్‌మన్ దర్శకత్వంలో 1981లో వచ్చింది, వెనిస్‌లో జ్యూరీ ప్రత్యేక బహుమతి పొందింది. సావో పాలో కార్మికుల సమ్మె కథ. ఆమెది ఒక కార్మికుడి భార్య రొమానా పాత్ర. చివర్లో, స్నేహితుడు చనిపోయాక, మొగుడూ పెళ్లాం బల్ల దగ్గర కూర్చుని చిక్కుడు గింజలు ఏరుతారు. పుచ్చువి పక్కకి, మంచివి ఇటు. మాటల్లేవు. గింజ బల్ల మీద పడే చప్పుడు మాత్రమే. వేళ్లతో దుఃఖం ఎలా నటించాలో నేర్చుకోవాలనుకునే ఎవరికైనా ఈ కొద్ది నిమిషాలు పాఠం.

మూడోది ‘కాజా దె అరేయా’ (2005). ఇసుక దిబ్బల మధ్య చిక్కుకుపోయిన తల్లీకూతుళ్ల కథ, నటించింది నిజమైన తల్లీకూతుళ్లే: ఆమె, ఫెర్నాండా టోరెస్. చాలామంది ఇక్కడ తికమకపడి సగంలో ఆపేస్తారు. తాళంచెవి ఇదీ: 1910లో మొదలైనప్పుడు తల్లి మరియాగా మోంటెనెగ్రో, కూతురు ఔరియాగా టోరెస్. 1942కి దూకాక ముసలి ఔరియాగా మోంటెనెగ్రో, ఔరియా కూతురుగా టోరెస్. 1969లో తల్లీ కూతురూ ఇద్దరూ మోంటెనెగ్రోయే. ఇది గుర్తుపెట్టుకుంటే సాఫీగా సాగుతుంది.

సాలెస్ 2024లో తీసిన ‘ఐందా ఎస్తో అకి’ని వీటి తర్వాతే పెట్టుకోండి. అందులో నాయిక యూనిసె పాయివా పాత్ర టోరెస్‌ది, జ్ఞాపకశక్తి పోయిన ముసలి యూనిసె మోంటెనెగ్రోది. కొద్ది నిమిషాలే, మాటలు లేవు. ముందు డోరాని చూసి ఉంటేనే ఆ కొద్ది నిమిషాల బరువు తెలుస్తుంది. ఈ పాత్రకి టోరెస్‌కీ ఆస్కార్ నామినేషన్ వచ్చింది. బ్రెజిల్‌కి అంతర్జాతీయ చిత్రం విభాగంలో మొదటి ఆస్కార్ తెచ్చింది కూడా ఈ సినిమాయే.

సీరియళ్ల సంగతికొస్తే, బ్రెజిల్ టీవీ చానెల్ గ్లోబో సీరియల్ ఏదైనా సోమవారం నుంచి శనివారం దాకా నెలల తరబడి సాగుతుంది. మొత్తం చూడాల్సిన పనిలేదు. ‘గెర్రా దుస్ సెక్సుస్’ (1983)లో పావులో ఔత్రన్‌తో కలిసి టిఫిన్ బల్ల మీదున్నదంతా ఒకరి మీద ఒకరు పోసుకునే సన్నివేశం వెతికి చూడండి. ఇంత గంభీరమైన నటికి కామెడీ టైమింగ్ ఎంత కచ్చితమో తెలుస్తుంది. విలనీ కావాలంటే ‘బెలీసిమా’ (2005–06)లో బియా ఫాల్కావ్. 2012 నాటి టీవీ సినిమా ‘దోసె దె మాయి’ ఒక్క రాత్రిలో అయిపోతుంది, దానికే ఆమెకి 2013లో ఇంటర్నేషనల్ ఎమ్మీ వచ్చింది.

వదిలేయాల్సింది 2007 నాటి ఇంగ్లిష్ సినిమా ‘లవ్ ఇన్ ద టైమ్ ఆఫ్ కలరా’. హీరో తల్లి పాత్ర ఆమెది. పరాయి భాషలో ఆమె మాట కట్టేసినట్టుంటుంది, పాత్ర కూడా చిన్నది. తెలిసిన నటులు ఉన్నారు కదా అని మొదట దాన్ని మాత్రం పెట్టుకోవద్దు.