రాస్ప్‌బెర్రీ పై సర్వర్‌కి ఏది మేలు: ఎస్‌డీ కార్డా, యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీనా, ఎన్‌వీఎంఈనా?

రాస్ప్‌బెర్రీ పై (అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్, క్లుప్తంగా పై) మీద సొంత యాప్‌లు నడుపుకుందామనుకునేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే సంగతి ఇది: కార్డు చాలదా, ఎస్‌ఎస్‌డీ పెట్టాలా, పెడితే ఏది? ఎక్కడ వెతికినా జవాబుగా వేగాల పట్టికలే దొరుకుతాయి. పై 5లో మంచి కార్డు సెకనుకు 90 ఎంబీ దాకా చదువుతుంది, యూఎస్‌బీ 3 ఎస్‌ఎస్‌డీ 350 దాకా, ఎన్‌వీఎంఈ (యూఎస్‌బీతో పనిలేకుండా నేరుగా బోర్డుకే తగిలించే ఎస్‌ఎస్‌డీ) 450 దాకా. సరే. కానీ ఇంట్లో ఉన్న 100 ఎంబీపీఎస్ (ఇవి బైట్లు కావు, మెగాబిట్లు) ఫైబర్‌లోంచి బయటికి వెళ్లేది సెకనుకు 12 ఎంబీయే. మీ యాప్‌ని ఆఫీసులో కూర్చుని తెరిచేవాళ్లకి ఈ తేడా పెద్దగా కనబడదు.

బెంగళూరులో తేల్చేది కరెంటు. ఏప్రిల్, మే సాయంత్రాల్లో గాలివాన లేచిందంటే కరెంటు పోవడం, రావడం, మళ్లీ పోవడం మామూలే. అపార్ట్‌మెంట్లో జనరేటర్ ఉందిగా అంటారు. అది అందుకునేలోపు కొన్ని సెకన్లు పడుతుంది, పై ఆరిపోవడానికి అంతకూడా అక్కర్లేదు. ఆ క్షణంలో డేటా రాయడం సగంలో ఉంటే ఏమవుతుందో చూసి ఎంచుకోవాలి.

కార్డు ఓడిపోయేది ఇక్కడే. ఏ డేటా ఎక్కడుందో చెప్పే పట్టికను కార్డులోని కంట్రోలరే చూసుకుంటుంది. ఫ్లాష్‌లో (కార్డులోని నిల్వ చిప్‌లో) ఉన్నచోటే దిద్దడం కుదరదు, పెద్ద బ్లాకు మొత్తం చెరిపితేగాని మళ్లీ రాయలేం. అందుకే మీరు 4 కేబీ రాసినా లోపల పాత డేటా చోటు మారుతుంటుంది. ఆ తరలింపు మధ్యలో కరెంటు పోతే ఆ పట్టికే చెడిపోవచ్చు. అప్పుడు రాస్తున్న ఫైలే కాదు, నెలల తరబడి ఎవరూ ముట్టని ఫైలు కూడా మాయమవుతుంది. ఈఎక్స్‌టీ4 జర్నల్ (సగంలో ఆగిన రాతని సరిదిద్దుకోవడానికి లినక్స్ ఫైల్ సిస్టమ్ రాసుకునే చిట్టా) ఉందిగా అంటే, అది మేడ మీద కాపలా, కుంగేది పునాది. హై ఎండ్యూరెన్స్ కార్డు కొంటే అరుగుదల తగ్గుతుంది. కరెంటు కోతకు మాత్రం అది మందు కాదు.

పైగా సర్వర్‌లో చిన్నచిన్న రాతలకి అంతుండదు. డేటాబేస్ ఒకవైపు, డాకర్ (యాప్‌లని విడివిడి డబ్బాల్లో నడిపే టూల్) లాగ్‌లు ఒకవైపు, జర్నల్‌డీ (సిస్టమ్ లాగ్‌లు రాసేది) ఇంకోవైపు. కార్డుతోనే నెట్టుకురావాలంటే జర్నల్‌డీ నిల్వని వోలటైల్‌కి (అంటే ర్యామ్‌లోకే) మార్చండి, డాకర్ లాగ్‌లకి ఒక్కో ఫైలు 10 ఎంబీ, మొత్తం 3 ఫైళ్లు అని హద్దు పెట్టండి. మామూలుగా డాకర్‌కి ఏ హద్దూ ఉండదు, కార్డు నిండేదాకా రాస్తూనే పోతుంది. డేటాబేస్ లేని, చూపించడమే పనైన సైటైతే రాస్పీ-కాన్ఫిగ్‌లో (పై సెట్టింగుల టూల్‌లో) ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేసి, రాతలు కార్డుకి చేరకుండా ర్యామ్‌లోనే ఆపేస్తే కార్డు హాయిగా బతుకుతుంది. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులో కొన్నా, ఆన్‌లైన్‌లో కొన్నా కొత్త కార్డుని ముందు ఎఫ్3 టూల్‌తో నిండా రాసి, తిరిగి చదివి చూడండి. నకిలీదైతే అక్కడే దొరికిపోతుంది.

ఎస్‌ఎస్‌డీ కూడా అమరం కాదు. మనం కొనే మామూలు రకాల్లో కరెంటు పోయినప్పుడు ఆదుకునే కెపాసిటర్లు ఉండవు. అయినా వాటి కంట్రోలర్లు కార్డువాటికంటే చాలా గట్టివి, చివరి కొన్ని సెకన్ల రాత పోయినా మిగతాది సాధారణంగా నిలబడుతుంది.

చాలామందికి నేను చెప్పేది సాటా ఎస్‌ఎస్‌డీ (లాప్‌టాప్‌లలో వాడే 2.5 అంగుళాల రకం), దాన్ని యూఎస్‌బీకి కలిపే అడాప్టర్. పై 4కీ 5కీ పనికొస్తుంది, బోర్డు పోతే లాప్‌టాప్‌కి గుచ్చి డేటా తీసుకోవచ్చు. ఇబ్బందల్లా రెండుచోట్ల.

మొదటిది పవర్. పై 5కి 5.1 వోల్టులు, 5 ఆంపియర్ల అడాప్టర్ కావాలి. '65 వాట్ల లాప్‌టాప్ చార్జర్ ఉందిగా, చాలదా?' అంటారు. అలాంటివి 5 వోల్టుల దగ్గర ఇచ్చేది మామూలుగా 3 ఆంపియర్లే, మిగతా బలమంతా పై వాడుకోని ఎక్కువ వోల్టేజీలది. 3 ఆంపియర్లే అందితే పై 5 తన యూఎస్‌బీ పోర్టులన్నిటికీ కలిపి 600 మిల్లీఆంపియర్లకే కట్టేస్తుంది. రాత ఎక్కువైనప్పుడు ఎస్‌ఎస్‌డీ ఊడిపోయినట్టు కనబడి, ఫైల్ సిస్టమ్ రీడ్-ఓన్లీ అయిపోతుంది. డిస్కు పాడైందనుకుని మార్చేస్తారు, తప్పు చార్జర్‌ది.

రెండోది అడాప్టర్ చిప్. కొన్ని చిప్‌లకి యూఏఎస్ (యూఎస్‌బీ డిస్కుతో వేగంగా మాట్లాడే పద్ధతి) పడదు, కర్నల్ లాగ్‌లో యూఏఎస్ అబార్ట్‌లు, రీసెట్‌లు వరసగా వస్తాయి. ఎల్ఎస్‌యూఎస్‌బీ (lsusb) కమాండ్ చూపించే ఐడీని సీఎండీలైన్ (cmdline.txt) అనే బూట్ సెట్టింగుల ఫైల్‌లో యూఎస్‌బీ-స్టోరేజ్ క్విర్క్స్ కింద చేర్చి యూఏఎస్ ఆపేయండి. వేగం కొంత తగ్గుతుంది, నిలకడ వస్తుంది. ఆ ఫైల్లో అంతా ఒకే వరసలో ఉండాలి, కొత్త లైను కొడితే బూట్ కాకపోవచ్చు.

ఎన్‌వీఎంఈ పై 5కే, పై 4లో దానికి చోటు లేదు. ఫొటోల లైబ్రరీ, నాలుగైదు డేటాబేస్‌లు పెట్టేవాళ్లకి ఇదే మేలు, యూఎస్‌బీ అడాప్టర్ల గొడవే ఉండదు. దాన్ని తగిలించడానికి కంపెనీవారు అమ్మే ఎమ్.2 హ్యాట్ ప్లస్ బోర్డు 2230, 2242 (22 మి.మీ. వెడల్పు, 30 లేదా 42 మి.మీ. పొడవు) సైజులే తీసుకుంటుంది. మన అంగళ్లలో ఎక్కువగా దొరికేది 2280. బోర్డు కొనే ముందే ఇది చూసుకోండి. ఎన్‌వీఎంఈ లింకు వేగాన్ని జెన్ 3కి పెంచే సెట్టింగ్ ఉంది, అధికారిక మద్దతు లేదు. సర్వర్‌లో దాని జోలికి పోకండి.

పెన్‌డ్రైవ్ వద్దు. పాత హార్డ్ డిస్కు బ్యాకప్‌కి సరే, అదీ సొంత పవర్ ఉన్న హబ్ మీద.

రౌటర్‌కి వాడే చిన్న యూపీఎస్‌లు ఎక్కువగా 12 వోల్టులవి, రాస్ప్‌బెర్రీ పైకి నేరుగా పనికిరావు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెట్టి, ఆ లైన్ మీదే పై అడాప్టర్ గుచ్చండి. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ అయితే రాత్రికోసారి పీజీ డంప్ (దాని బ్యాకప్ కమాండ్) తీసి వేరే మెషీన్‌కి పంపండి. నడుస్తున్న డేటాబేస్ ఫోల్డర్‌ని కాపీ చేసుకుంటే అది బ్యాకప్ కాదు.

ఎస్‌ఎస్‌డీకి మారేటప్పుడు ఇమేజర్‌తో (రాస్ప్‌బెర్రీ పై వారి ఓఎస్ రాసే టూల్‌తో) నేరుగా దానిమీదే ఓఎస్ రాసి, రాస్పీ-కాన్ఫిగ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, బూట్ ఆర్డర్‌లోకి వెళ్లి ఎన్‌వీఎంఈ/యూఎస్‌బీ ఎంచుకోండి. కార్డు తీసేసి రీబూట్ చేశాక ఫైండ్‌మౌంట్ (findmnt) కమాండ్ కొట్టి, రూట్ (ఓఎస్ ఉన్న భాగం) ఎక్కడినుంచి వస్తోందో చూడండి. యూఎస్‌బీ అయితే ఎస్‌డీఏ2, ఎన్‌వీఎంఈ అయితే ఎన్‌వీఎంఈ0ఎన్1పీ2 అని కనబడాలి.