గ్రేట్‌ఫుల్ డెడ్ ‘కార్నెల్ 5/8/77’: మూడు సీడీల్లో ముందు ఏది వినాలి?

అమెరికన్ రాక్ బ్యాండు గ్రేట్‌ఫుల్ డెడ్ 1965 నుంచి 1995 దాకా చేసిన రెండు వేల పైచిలుకు కచేరీల్లో ఒక్కటి చెప్పమంటే ఎక్కువమంది నోట వచ్చేది 1977 మే 8 నాటిది. న్యూయార్క్ రాష్ట్రంలోని ఇథాకాలో, కార్నెల్ విశ్వవిద్యాలయం బార్టన్ హాల్లో జరిగింది. క్యాసెట్ నుంచి క్యాసెట్‌కి కాపీలు తీసుకుంటూ అభిమానులే దీనికి పేరు తెచ్చారు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నేషనల్ రికార్డింగ్ రిజిస్ట్రీ 2011 జాబితాలో చోటు కూడా దక్కింది. అధికారికంగా మాత్రం 2017 మేలో గానీ బయటికి రాలేదు. అప్పుడు రైనో సంస్థ మూడు సీడీలుగా, ఐదు ఎల్పీలుగా వేసింది. ఇంత పేరుకు తగ్గ సరుకేనా అంటే, అవును. కాకపోతే రెండో సీడీతో మొదలుపెట్టాలి.

మొదటి సీడీలో ఉన్నవి చాలావరకు అయిదారు నిమిషాల పాటలు. శుభ్రంగా వాయించారు, అంతవరకే. జామ్ బ్యాండ్ (పాటని అక్కడికక్కడే మనోధర్మంతో పొడిగించే బ్యాండు) అంటే ఏమిటో తెలుసుకుందామని కొన్నవాళ్లు ఇక్కడే అరగంట గడిపి, ‘ఇందులో అంత గొప్పేముంది’ అని పక్కన పెట్టేస్తారు. ‘జాక్ స్ట్రా’, ‘రో జిమ్మీ’ తర్వాత తీరిగ్గా వినొచ్చు.

రెండో సీడీ ‘డాన్సింగ్ ఇన్ ద స్ట్రీట్’తో మొదలవుతుంది. నిజానికి అది మొదటి సెట్ (విరామానికి ముందు భాగం) చివరి పాట. పదహారు నిమిషాలు ఉండటంతో మొదటి సీడీలో పట్టలేదు. 1964 నాటి మోటౌన్ పాటని డిస్కో నడకలోకి మార్చి వాయించారు. గాత్రం అంత బాగుండదు, మధ్యలో వచ్చే జామ్ బాగుంటుంది. బ్యాండు ప్రధాన గిటారిస్టు జెర్రీ గార్సియా గిటారు ‘క్వాక్ క్వాక్’ మన్నట్టు వినిపించడానికి కారణం మ్యూట్రాన్ త్రీ అనే ఎన్వలప్ ఫిల్టర్ పెడల్. తీగని ఎంత గట్టిగా మీటితే ఫిల్టర్ అంత తెరుచుకుంటుంది. అంటే ప్రతి స్వరం రంగునీ కుడిచేయి నిర్ణయిస్తుంది. ఆ రోజుల్లో గార్సియా వాయించినది అల్యూమినియం మెడ ఉన్న ట్రావిస్ బీన్ గిటారు. స్వరం చాలాసేపు నిలబడటంలో దాని పాత్ర కూడా ఉంది.

ఆ తర్వాత వచ్చే ‘స్కార్లెట్ బెగోనియాస్’, ‘ఫైర్ ఆన్ ద మౌంటెన్’ జంటే ఈ కచేరీకి ఇంత పేరు తెచ్చింది. రెండూ కలిపి దాదాపు 26 నిమిషాలు. ఈ జంటని మొట్టమొదట కలిపి వాయించింది అదే ఏడాది మార్చి 18న, శాన్‌ఫ్రాన్సిస్కో వింటర్‌లాండ్‌లో. కార్నెల్ నాటికి దాని వయసు రెండు నెలలు కూడా లేదు. అయినా అతుకు కనపడదు. ఎందుకంటే ‘స్కార్లెట్’ చివరి జామ్ బి మిక్సోలిడియన్ అనే స్వరవరసలో నడుస్తుంది. ‘ఫైర్’ పాటంతా బి, ఏ అనే రెండే కార్డుల (కలిపి పలికే స్వరాల గుత్తుల) మీద తిరుగుతుంది. స్వరాలు రెండింటికీ ఒకటే కాబట్టి శ్రుతి మారే కుదుపు ఉండదు. మారాల్సింది లయ ఒక్కటే. అందుకే మొదటిసారి గిటారుని వదిలేసి బేస్ మీద చెవి పెట్టండి. గార్సియా ఇంకా ‘స్కార్లెట్’ ముక్కల్ని అల్లుతుండగానే ఫిల్ లెష్ ‘ఫైర్’ బేస్ వరసని కొద్దికొద్దిగా చొప్పించడం తెలుస్తుంది. డ్రమ్మర్లు అతని వెంట వెళ్తారు, రెండో గిటారిస్టు బాబ్ వియర్ కార్డులు కుదించుకుంటాడు, గార్సియా అందరికంటే చివర్న ఒప్పుకుంటాడు. ఏ క్షణంలో పాట మారిందో వేలు పెట్టి చూపించడం కష్టం. ఇద్దరు కలిసి వింటే ఇద్దరూ వేర్వేరు చోట్లు చూపిస్తారు.

రెండు కార్డుల మీద పదిహేను నిమిషాలు విసుగు రాకుండా లాగడం మాటలు కాదు. ‘ఫైర్’లో చరణానికీ చరణానికీ మధ్య వచ్చే సోలోలు గమనిస్తే గుట్టు దొరుకుతుంది. గార్సియా ప్రతి సోలోనీ కింది స్థాయిలో, తక్కువ స్వరాలతో ఎత్తుకుని, పైకి చేరాక అక్కడ నిలవకుండా గబుక్కున గాత్రానికి వదిలేస్తాడు. ఉత్కంఠ తీరదు, తర్వాతి సోలోకి మిగిలిపోతుంది. మనోధర్మం అంటే తోచినంతసేపు వాయించడం అనుకునేవాళ్లు ఈ పొదుపు వినాలి.

ఈ బిగువు ఒక్క రోజులో రాలేదు. 1976లో మికీ హార్ట్ తిరిగి చేరి ఇద్దరు డ్రమ్మర్లయ్యాక పాటలు బాగా నింపాదిగా నడిచేవి. ఆ చలికాలం కీత్ ఓల్సెన్ నిర్మాతగా స్టూడియోలో ‘టెరాపిన్ స్టేషన్’ రికార్డు చేస్తున్నప్పుడు, డ్రమ్మర్లిద్దరూ ఏది ఎవరు వాయించాలో పంచుకోవాల్సి వచ్చింది. ఆ సాధన ఫలితం 1977 వసంతం కచేరీలన్నింటిలోనూ వినిపిస్తుంది. రెండో సీడీలోని ‘ఎస్టిమేటెడ్ ప్రాఫెట్’ పెట్టుకుని ఏడేసి దెబ్బలు లెక్కపెట్టండి. ఏడు మాత్రల రెగే నడకని ఇద్దరు డ్రమ్మర్లు ఎక్కడా తొక్కిసలాట లేకుండా మోశారు.

అసలు తొక్కిసలాట హాల్లో జరిగింది. రెండో సెట్ మొదలయ్యే ముందు, ముందు వరుసలవాళ్లు నలిగిపోతున్నారు, ఒక్కో అడుగు వెనక్కి వేయమని వియర్ జనాన్ని బతిమాలతాడు.

మూడో సీడీ ఏకబిగిన వినాల్సినది. ‘సెయింట్ స్టీఫెన్’, అందులోంచి ‘నాట్ ఫేడ్ అవే’, మళ్లీ రెండు నిమిషాలు ‘సెయింట్ స్టీఫెన్’, అక్కణ్నుంచి ‘మార్నింగ్ డ్యూ’. మొత్తం 37 నిమిషాల దాకా ఉంటుంది. ‘నాట్ ఫేడ్ అవే’ పదహారు నిమిషాల్లో నడుమ ఒక నాలుగైదు నిమిషాలు దారి వెతుక్కోవడమే. కచేరీ మొత్తంలో బ్యాండు పట్టు సడలింది ఇక్కడే. అభిమానులు ఈ మాట ఒప్పుకోరు. ‘మార్నింగ్ డ్యూ’ దగ్గర మాత్రం వాదన అక్కర్లేదు. బానీ డాబ్సన్ రాసిన ఈ పాట అణుయుద్ధం తర్వాతి ప్రపంచం గురించి. చివరి సోలోలో గార్సియా వినీ వినపడనట్టు విడి స్వరాలతో మొదలుపెట్టి, మెల్లగా జంట స్వరాలకు వచ్చి, చివరికి తీగలన్నింటినీ విసనకర్ర విసిరినట్టు ఆపకుండా మీటుతాడు. వాల్యూమ్ ముందే పెంచి పెట్టుకుంటే చివర్లో చెవులు హోరెత్తుతాయి, కాబట్టి మొదటి చరణం దగ్గర కొంచెం తక్కువే ఉంచండి. ఆ తర్వాత ఎంకోర్ (కచేరీ అయ్యాక జనం కోరితే వాయించేది) ‘వన్ మోర్ సాటర్‌డే నైట్’. ఆ రోజు ఆదివారం.

ఇక శబ్దం సంగతి. హాలు మిక్సర్ నుంచి నేరుగా తీసే మామూలు సౌండ్‌బోర్డ్ టేపుల్లో గొంతులు పెద్దగా, గిటార్లు చిన్నగా ఉంటాయి. వేదిక మీది ఆంప్లిఫయర్లు హాల్లో నేరుగా వినిపిస్తాయి కాబట్టి మిక్సర్‌లో వాటిని తక్కువే పెడతారు, టేపులోకి ఆ తక్కువే ఎక్కుతుంది. ఇక్కడ రికార్డు చేసిన బెట్టీ కాంటర్ జాక్సన్ టేపు కోసం విడిగా మిక్స్ చేసేది. అందుకే ప్రతి వాయిద్యం దానికి తగ్గ చోట ఉంటుంది. ఆమె టేపులు ఉంచిన స్టోరేజి గది సామాను 1986లో వేలానికి పోయింది. కొన్నవాళ్ల దగ్గర్నుంచి కాపీలు ప్రపంచమంతా పాకాయి. అసలు టేపులు తిరిగి బ్యాండు చేతికొచ్చాకే ఈ విడుదల సాధ్యమైంది.

పాత కాపీ ఉన్నవాళ్లు దీన్ని మళ్లీ కొనాలా? కొనాలి, వేగం స్థిరంగా ఉండటం కోసమైనా. చేతులు మారిన అనలాగ్ కాపీల్లో శ్రుతి కాస్త పైకో కిందికో జరిగి ఉంటుంది. వీటితో కలిసి గిటారు వాయించబోతే వెంటనే తెలుస్తుంది. విడుదలైన ప్రతిలో ప్లాంజెంట్ పద్ధతి వాడారు. రికార్డు చేసేటప్పుడు టేపు మీద పడే, చెవికి అందని బయాస్ సంకేతాన్ని చదివి, దాన్ని బట్టి వేగంలోని హెచ్చుతగ్గుల్ని సరిచేస్తారు. పియానో సాగదీసి వదిలే స్వరాలు ఊగకుండా నిలబడటం దాని పుణ్యమే.

ఎల్పీ అందంగానే ఉంటుంది కానీ ఈ కచేరీకి అనువైనది కాదు. ఎల్పీలో ఒక్కో వైపు 20 నుంచి 25 నిమిషాలు దాటితే గాడులు ఇరుకై శబ్దం పలచబడుతుంది. 37 నిమిషాల వరస ఒకే వైపు పట్టే అవకాశమే లేదు. ఊపు మీదున్నప్పుడు లేచి పళ్లెం తిప్పాలి. సీడీ గానీ, నాణ్యత తగ్గని ఫ్లాక్ ఫైళ్లు గానీ తీసుకోండి. ఎంపీ3 అయితే ఎన్‌కోడర్ ఫైలు మొదట్లో, చివర్లో కాస్త నిశ్శబ్దం చేరుస్తుంది. పాటల మధ్య ఖాళీ రాకుండా చేసే గ్యాప్‌లెస్ సదుపాయం లేని ప్లేయర్‌లో సరిగ్గా ‘స్కార్లెట్’, ‘ఫైర్’ కలిసేచోట టప్పుమని తెగుతుంది. స్ట్రీమింగ్‌లో వినేవాళ్లు క్రాస్‌ఫేడ్ (ఒక పాట చివరని తర్వాతి పాటతో కలిపేసే అమరిక) సున్నాకి తేవాలి, షఫుల్ ఆపాలి, వాల్యూమ్ సర్దుబాటు ట్రాకు వారీగా కాకుండా ఆల్బమ్ వారీగా పెట్టాలి. లేకపోతే నెమ్మదిగా మొదలయ్యే ‘మార్నింగ్ డ్యూ’ని యాప్ తనంతట తానే పెంచేస్తుంది. చిన్న బ్లూటూత్ స్పీకర్‌లో లెష్ బేస్ సగం మాయమవుతుంది. హెడ్‌ఫోన్ మేలు.

కొనకముందు రుచి చూడాలంటే ఇంటర్నెట్ ఆర్కైవ్ ఉంది. ప్రేక్షకులు మైకులతో తీసిన టేపుల్ని అక్కడ దించుకోవచ్చు, సౌండ్‌బోర్డువి అక్కడే వినాలి. బార్టన్ హాల్ కవాతు కోసం కట్టిన పెద్ద కట్టడం, గోడల నుంచి ప్రతిధ్వని ఎక్కువ. ఆడియన్స్ టేపులో వివరం తగ్గినా జనం కేకలు ఒంటి మీద పడతాయి. అధికారిక ప్రతిలో లేనిది అదే.

అన్నింటికంటే సాహసోపేతమైన వాయింపు కావాలంటే మాత్రం ఇది సరైన ఎంపిక కాదు. ఇక్కడ బ్యాండు ఎటు వెళ్లాలో ముందే తెలిసి వెళ్తుంది. పూర్తిగా దారి తప్పి మళ్లీ తేలే ‘డార్క్ స్టార్’ లాంటిది వినాలంటే 2013లో విడుదలైన 1972 ఆగస్టు 27 నాటి వెనీటా కచేరీ తీసుకోండి. అప్పుడు ఒక్కడే డ్రమ్మర్, బిల్ క్రూట్జ్‌మన్. అందుకే బ్యాండు ఇట్టే మలుపు తిరిగేది. కార్నెల్ బిగువు నచ్చినవాళ్లు మర్నాటి బఫలో కచేరీకి వెళ్లండి. కార్నెల్‌తో పాటు న్యూ హేవెన్, బాస్టన్, బఫలో కూడా ఉన్న 11 సీడీల పెట్టెలో అది దొరుకుతుంది. ‘హెల్ప్ ఆన్ ద వే’, ‘స్లిప్‌నాట్’, ‘ఫ్రాంక్లిన్స్ టవర్’ వరసతో మొదలవుతుంది కాబట్టి దాన్ని మొదటి పాట నుంచే వినొచ్చు.