డోర్ స్పీకర్లు బాగున్నాయి, వెనక పెట్టిన చెక్క రింగే ముంచింది

రూ. 5,000 లోపు దొరికే 6.5 అంగుళాల కాంపొనెంట్ స్పీకర్లు (పెద్ద స్పీకరు, పైస్వరాలు పలికే చిన్న ట్వీటర్ వేర్వేరుగా వచ్చేవి) కారుతో వచ్చిన కంపెనీ స్టీరియోతో పనిచేస్తాయా, యాంప్లిఫయర్ కూడా కొనాలా అన్న చర్చ పాతదే కనుక అందులోకి ఎక్కువగా పోను. పెట్టె మీద ఎన్ని వాట్లు అచ్చువేసినా మామూలు స్టీరియో ఒక్కో ఛానెల్‌కు నిలకడగా ఇచ్చేది 20 వాట్ల అటూ ఇటూగానే ఉంటుంది. యాంప్లిఫయర్ కొనే ఉద్దేశం లేదు కనుక సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కు ఎంత గట్టిగా పలుకుతుందన్న కొలత, 92 డెసిబెల్స్ ఉన్న జతనే ఎంచుకున్నాను. 3 డెసిబెల్స్ ఎక్కువ ఉంటే రెట్టింపు పవర్ ఇచ్చినంత లెక్క. ఆ ఎంపిక మీద నాకు ఫిర్యాదేమీ లేదు. ఉన్న కోపమంతా, బిల్లులో కనీసం పేరైనా లేని ఒక చెక్క రింగు మీద.

కారుతో వచ్చే స్పీకరును తలుపు రేకు నుంచి కాస్త ముందుకు నిలిపే ప్లాస్టిక్ చట్రం చాలా కార్లలో స్పీకరుతో కలిసే ఉంటుంది. బయట కొన్న స్పీకరుకు ఆ ఎత్తు ఉండదు. నేరుగా రేకుకు బిగిస్తే, అద్దం దించినప్పుడు అది వెనకనున్న మాగ్నెట్‌కు తగిలే ప్రమాదం ఉంది. అందుకే మధ్యలో రింగు వేస్తారు. విజయవాడ ఆటోనగర్‌లో నేను వెళ్లిన దుకాణంలో కారు వైర్లు కోయకుండా కప్లర్లతోనే కలిపారు, పని శుభ్రంగానే చేశారు; రింగును మాత్రం ఎం.డి.ఎఫ్. పలక (చెక్కపీచును జిగురుతో అదిమి చేసేది) నుంచి కోసి, రంగూ వార్నిషూ ఏదీ పూయకుండా అలాగే బిగించేశారు. అడిగితే, "అందరికీ ఇదే వేస్తున్నామండీ, ప్లాస్టిక్ కంటే చెక్కకే సౌండు బాగుంటుంది" అన్నారు.

ఆ వేసవంతా ఆ మాట నిజమేననిపించింది. పాత స్పీకర్లలో అంతా ముద్దగా కలిసిపోయి వినిపించిన కచేరీలో, మృదంగం తొప్పి మీద పడే దెబ్బ ఒకవైపు, ఘటం మరొకవైపు విడివిడిగా వినబడుతుంటే, ఇల్లు వచ్చాక కూడా కారు దిగబుద్ధి అయ్యేది కాదు.

అక్టోబరులో వాయుగుండం పట్టి ముసురు వదలకుండా కురిసిన తర్వాత ఎడమ తలుపులో గరగర మొదలైంది. అదీ ఎప్పుడూ కాదు, బేస్ బాగా కిందికి దిగినప్పుడు మాత్రమే. దుకాణం వాళ్లు డోర్ ప్యాడ్ క్లిప్పులు వదులయ్యాయని కొత్తవి వేసి, ఫోమ్ ముక్కలు కుక్కి పంపారు. వారం తిరగకుండా శబ్దం మళ్లీ వచ్చింది. మరో చోట చూపిస్తే స్పీకరు లోపలి కాయిల్ పోయిందని, కొత్త జత కొనక తప్పదని తేల్చేశారు. ఆ మాట నమ్మబుద్ధి కాక, కుడి స్పీకరును ఎడమకు, ఎడమ దాన్ని కుడికి మార్పించి చూశాను. గరగర స్పీకరుతో పాటు కుడివైపుకు వెళ్లలేదు. ఎడమ తలుపులోనే ఉండిపోయింది.

రింగు ఊడదీస్తే సంగతి బయటపడింది. దాని కింది సగం టీలో నానిన బిస్కెట్టులా ఉబ్బి పొరలు విడిపోయింది, స్క్రూలు పట్టు లేక ఉన్నచోటే తిరుగుతున్నాయి, స్పీకరుకూ రేకుకూ మధ్య సందు ఏర్పడింది. ఆ సందులోంచి కోను వెనకవైపు గాలి ముందుకు వచ్చి ముందువైపు శబ్దాన్ని కొట్టేస్తుంది కనుక బేస్ పలచబడింది. కదులుతున్న స్క్రూలది ఆ గరగర. నిజానికి తలుపులోకి వాననీరు రావడం లోపమేమీ కాదు. అద్దం పక్కనున్న రబ్బరు పట్టీని దాటి దిగిన నీరు అడుగు చిల్లుల గుండా పోయేలాగే తలుపును తయారుచేస్తారు, అది ప్యాడ్ వైపు రాకుండా లోపల ప్లాస్టిక్ షీటు అంటిస్తారు. నా ఎడమ తలుపులో, రేకు అదురు తగ్గించడానికి వేసిన డ్యాంపింగ్ షీటును ఆ అడుగు చిల్లు మీదుగా అంటించేయడంతో నీరు నిలిచిపోయింది. కుడి రింగు ఇంకా గట్టిగా ఉండడానికి కారణం అక్కడ చిల్లు తెరిచి ఉండడమే.

ఇప్పుడు రెండువైపులా ఏ.బీ.ఎస్. ప్లాస్టిక్ రింగులు, వాటికీ రేకుకూ మధ్య పలచని ఫోమ్ పట్టీ ఉన్నాయి. చిల్లు తెరిచి, లోపలి ప్లాస్టిక్ షీటును బ్యూటైల్ టేపుతో (రబ్బరులాంటి జిగురు పట్టీ) మళ్లీ అంటించారు. అయిన ఖర్చు కొన్ని వందలే. తర్వాతి వానాకాలం చప్పుడు లేకుండా గడిచింది, పైగా చెక్కతో ఉన్న సౌండుకూ దీనికీ తేడా నా చెవికి తెలియడం లేదు.

విడివిడిగా వినబడుతోందని మురిసిపోయిన ఆ స్పష్టతకు కూడా ఒక హద్దు ఉంది. హైదరాబాదు దాకా వెళ్లేటప్పుడు పాత రికార్డింగుల్లోని బుస, వయొలిన్ పైస్వరాలు ట్వీటర్లలోంచి సూటిగా చెవికి గుచ్చుకుంటాయి. నా జతలో ట్వీటర్ స్థాయి తగ్గించే ఏర్పాటు లేకపోవడంతో స్టీరియోలోనే ట్రెబుల్ తగ్గించి వింటున్నాను. డ్యాంపింగ్ వల్ల తలుపు వేసిన చప్పుడు బరువెక్కిందే తప్ప టైర్ల మోత తగ్గిందని చెప్పలేను.

నా కారు ఎండా వానా అన్నీ ఆరుబయటే భరిస్తుంది. షెడ్డులో ఉండే కారులో, అందునా వార్నిష్ పూసిన చెక్క రింగు ఏళ్ల తరబడి నిలవవచ్చు. మళ్లీ చేయించుకోవలసి వస్తే ఇవే స్పీకర్లు కొంటాను గానీ, డోర్ ప్యాడ్ మూయకముందే రింగునూ అడుగు చిల్లులనూ చూపించమంటాను. కుటుంబంతో తిరిగేవారికి ముందు జత ఒక్కటే సరిపోతుందా అంటే చెప్పలేను. నేను ఎక్కువగా ఒంటరిగానే నడుపుతాను, వెనక తలుపుల్లో ఇప్పటికీ కంపెనీ స్పీకర్లే ఉన్నాయి.