టెంప్లేట్‌గా దాచుకోవాలా, లింక్ చేసుకోవాలా: ఏది మేలు?

స్టోరీబోర్డు, టూడీ యానిమేషన్ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు పదేపదే అడిగే ప్రశ్న ఇది. ఒకసారి తయారుచేసిన పాత్రనో, గదినో, నడకనో మళ్లీ మళ్లీ వాడుకోవాలంటే టూన్ బూమ్ సాఫ్ట్‌వేర్ల (స్టోరీబోర్డ్ ప్రో, హార్మొనీ) లైబ్రరీలో టెంప్లేట్‌గా పెట్టుకోవడం మంచిదా, బ్లెండర్ సాఫ్ట్‌వేర్‌లో లింక్ చేసుకోవడం మంచిదా? సాఫ్ట్‌వేర్ ఖరీదు, నేర్చుకోవడానికి పట్టే సమయం కూడా చూసుకోవాల్సినవే. కానీ ముందు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: సగం షాట్లు అయ్యాక డిజైన్ మారితే, అయిపోయిన షాట్ల సంగతేమిటి?

టెంప్లేట్ అంటే నకలు. లైబ్రరీలోంచి సీన్‌లోకి లాగి వదిలాక అసలుకీ దానికీ సంబంధం ఉండదు. లింక్ అలా కాదు. బొమ్మ అసలు ఫైల్లోనే ఉంటుంది, షాట్ ఫైలు తెరిచిన ప్రతిసారీ అక్కడి నుంచే తెచ్చుకుంటుంది.

స్టోరీబోర్డు వరకైతే నకలే మేలు, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. బోర్డులో ప్రతి ప్యానెల్‌కూ బొమ్మను కొంత చెరిపి కొంత కొత్తగా గీస్తాం. బ్లెండర్‌లో లింక్ చేసిన గ్రీజ్ పెన్సిల్ (అందులో టూడీ గీతలు గీసే పరికరం) బొమ్మ మీద ఒక్క గీత కూడా పడదు. ఓవర్‌రైడ్ చేసినా, అంటే లింక్ తెంచకుండా షాట్‌లో పైపై మార్పులకు వీలు కల్పించుకున్నా, దాన్ని జరపగలం, తిప్పగలం, అంతే. గీయాలంటే లోకల్ చేసుకోవాలి, అంటే లింక్ తెంచి షాట్ ఫైల్లోకే తెచ్చుకోవాలి, చేస్తే అదీ నకలే. పైగా బోర్డు ప్యానెల్ చెప్పాల్సింది కెమెరా ఎక్కడుంది, పాత్ర ఏం చేస్తోంది అన్నదే. పాత ప్యానెల్‌లో పాత చొక్కా ఉండిపోయినా కథకు లోటేమీ రాదు. స్టోరీబోర్డ్ ప్రోలో గదిని టెంప్లేట్ చేసేటప్పుడు వెనక గోడ, సామాను, ముందువైపు వస్తువులు మూడూ వేర్వేరు లేయర్లలో, అదీ వెక్టర్ (ఎంత పెంచినా గీత చెదరని) లేయర్లలో పెట్టండి. బిట్‌మ్యాప్ (చుక్కలతో కూడిన) లేయర్ అయితే వైడ్ షాట్ కోసం గీసిన గోడను క్లోజప్ వెనకాల మూడింతలు పెంచేసరికి మసకబారిపోతుంది.

అసలు తకరారు యానిమేషన్‌లో మొదలవుతుంది. రిగ్ చేసిన, అంటే కదిలించడానికి వీలుగా భాగాలు అమర్చిన, ఓ పాప పాత్ర ఉందనుకుందాం. నలభై షాట్లు అయ్యాక జడ రిబ్బను ఎరుపు వద్దు, పసుపు చేయమన్నారు. ఇంకో పది అయ్యాక జడ పొడవు తగ్గించమన్నారు. ఈ రెండు మార్పులూ ఒకటి కావు.

రంగు మార్పును హార్మొనీ బాగానే తట్టుకుంటుంది. అందులో గీతకు, నింపుకు గుర్తుండేది రంగు పేరు కాదు, ఆ రంగు ఐడీ. టెంప్లేట్‌ను పేస్ట్ స్పెషల్‌తో (ఏది ఎలా తేవాలో ఎంచుకుని అతికించే ఆదేశం) దించేటప్పుడు పాలెట్‌ను (రంగుల పట్టికను) సీన్‌లోకి కాపీ చేయకుండా అసలు పాలెట్‌కు లింక్ చేస్తే, ఆ ఒక్క పాలెట్‌లో ఎరుపును పసుపు చేస్తే చాలు, నలభై సీన్లలోనూ రిబ్బను మారిపోతుంది. ఆ పాలెట్ ఉన్న ఫోల్డర్‌ను మాత్రం కదపకండి. పాలెట్ దొరక్కపోతే బొమ్మలోని ఆ భాగాలన్నీ ఎర్రగా కనబడతాయి. రాత్రి సీన్ రంగులు కావాలంటే పాలెట్‌ను క్లోన్ చేయాలి, డూప్లికేట్ చేయకూడదు. క్లోన్‌లో ఐడీలు అవే ఉంటాయి, డూప్లికేట్‌లో కొత్తవి వస్తాయి, కాబట్టి బొమ్మ వాటిని గుర్తుపట్టదు.

జడ పొడవు దగ్గర మాత్రం హార్మొనీ చేతులెత్తేస్తుంది. టెంప్లేట్ అనేది డిస్క్ మీద టీపీఎల్ అన్న పేరుతో ఉండే ఒక ఫోల్డర్, డ్రాయింగులన్నీ దాని లోపలే ఉంటాయి. సీన్‌లోకి దించగానే అవన్నీ ఆ సీన్ ఫోల్డర్‌లోకి కాపీ అవుతాయి. కాబట్టి యాభై సీన్లలో యాభై జడలు. ఎడిట్ టెంప్లేట్ నొక్కి మార్చిన జడ రేపటి సీన్లకే పనికొస్తుంది. పాత సీన్ల కోసం జడ లేయర్ ఒక్కదాన్నే కొత్త టెంప్లేట్ చేసుకుని, సీన్లను ఒక్కొక్కటిగా తెరిచి మార్చుకోవాల్సిందే. హడావుడిలో రెండు మూడు సీన్లు మిగిలిపోతాయి, అవి ఎడిట్ టేబుల్ మీదగానీ బయటపడవు.

బ్లెండర్‌లో రిగ్ ఉన్న కలెక్షన్‌ను (వస్తువుల గుంపును) లింక్ చేసి లైబ్రరీ ఓవర్‌రైడ్ చేసుకుంటే, అసలు ఫైల్లో జడ కత్తిరించి సేవ్ చేయడంతో పని అయిపోతుంది. షాట్లు మళ్లీ తెరిచినప్పుడు కొత్త జడతోనే వస్తాయి, యానిమేషన్ ఎక్కడిదక్కడే ఉంటుంది. సిరీస్ లాంటి పెద్ద పనికి నేను లింక్ వైపే మొగ్గేది ఇందుకే. అయితే నియమాలు తప్పకూడదు. యానిమేషన్ బోన్ (రిగ్‌లోని ఎముక) పేరును పట్టుకుని ఉంటుంది, కాబట్టి మధ్యలో బోన్ పేరు మారిస్తే దాని మీది కదలిక ఆగిపోతుంది. పాత్‌లు (ఫైళ్ల చిరునామాలు) రిలేటివ్‌గా, అంటే షాట్ ఫైలు ఉన్న చోటు నుంచి లెక్కించేలా ఉండాలి, లేకపోతే ప్రాజెక్టు ఫోల్డర్‌ను వేరే డ్రైవ్‌కు మార్చిన రోజు పాత్రలు మాయమవుతాయి. రిగ్‌లో కొత్త వస్తువులు చేర్చాక ఓవర్‌రైడ్ చెదిరితే అవుట్‌లైనర్‌లో (ఫైల్లోని వస్తువుల జాబితాలో) రీసింక్ చేసి అసలుతో మళ్లీ కలపండి, దానికీ దారికి రాకపోతే రీసింక్ ఎన్‌ఫోర్స్. ఇంకో ప్రమాదం కూడా ఉంది: ఓకే అయిపోయిన షాట్ కూడా ఎవరికీ తెలియకుండా మారిపోవచ్చు. అందుకే ఓకే అయిన రోజే ఆ షాట్ ఫైల్లో అన్నింటినీ లోకల్ చేసి, వేరే కాపీగా పక్కన పెట్టేయాలి.

నడక, కనురెప్ప, మాటకు తగ్గ నోటి కదలికల్లాంటి వాటికి మాత్రం హార్మొనీ టెంప్లేటే నాకు నచ్చుతుంది. టైమ్‌లైన్‌లో కావలసిన ఫ్రేములను ఎంచుకుని లైబ్రరీ ఫోల్డర్‌లోకి లాగితే చాలు. ఫోల్డర్ తాళం వేసి ఉంటే రైట్ క్లిక్ చేసి రైట్ టు మాడిఫై ఎంచుకోండి. మొత్తం రిగ్‌ను దించేటప్పుడు టైమ్‌లైన్ ఎడమవైపు లేయర్ల పేర్ల మీద వదలాలి. కదలికను ఒక్కదాన్నే దించేటప్పుడు కుడివైపు, అది మొదలవ్వాల్సిన ఫ్రేము మీద వదలాలి. రిగ్ లేయర్ల అమరిక రెండుచోట్లా ఒకేలా ఉండాలి, లేదంటే చేతి కదలిక కాలికి అంటుకుంటుంది. కదలిక సెకన్లలో కాదు, ఫ్రేముల్లో దాగి ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. సెకనుకు 24 ఫ్రేముల సీన్‌లో చేసిన 48 ఫ్రేముల నడక రెండు సెకన్లు. దాన్నే టీవీ కోసం 25 ఫ్రేముల సీన్‌లో దించితే 1.92 సెకన్లే వస్తుంది. పాటకు తాళం కలపాల్సిన చోట ఈ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

హార్మొనీ సింబల్స్ (ఒకసారి చేసి సీన్‌లో చాలాచోట్ల వాడుకునే బొమ్మలు) సంగతి ఒక్క మాటలో: ఒకచోట మారిస్తే అన్నిచోట్లా మారతాయి, కానీ ఆ సీన్ గడప దాటవు. అడోబీ యానిమేట్‌లో సింబల్‌ను మరో ఫైల్లోకి తెచ్చినప్పుడు అక్కడ అదే పేరుతో ఇంకొకటి ఉంటే, పాతదాన్ని ఉంచాలా మార్చాలా అని అడుగుతుంది, చదవకుండా ఓకే కొట్టకండి. బోర్డు గీసుకోవడానికి స్టోరీబోర్డర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, చిన్న ప్రకటనకో షార్ట్ ఫిల్మ్‌కో సరిపోతుంది.