ఇంజన్ ఫ్యాన్ తీసేసి ఎలక్ట్రిక్ ఫ్యాన్లు పెట్టాక నాలుగేళ్లు

ఏసీ వేసుకుని ట్రాఫిక్‌లో పావుగంట నిలబడితే చాలు, నా బండి టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి పాకేది. ముందు దారి దొరికి బండి కదిలిందంటే రెండు నిమిషాల్లో మళ్లీ కిందికి దిగేది. ఎండాకాలంలో సిగ్నల్ దగ్గర రోడ్డు కన్నా ఆ ముల్లునే ఎక్కువ చూసేవాణ్ణి. ఎప్పుడు ఏసీ ఆపాలా అన్న టెన్షన్ తప్ప వేరే ధ్యాస ఉండేది కాదు. ఇప్పుడు ఇంజన్‌తోపాటు తిరిగే ఆ పాత ఫ్యాన్ లేదు. దాని స్థానంలో రెండు 12 అంగుళాల ఎలక్ట్రిక్ ఫ్యాన్లు పెట్టి నాలుగేళ్లయింది, 62 వేల కిలోమీటర్లు తిరిగాను. ఈ మార్పు చేయాలా వద్దా అని ఆలోచిస్తున్న వాళ్లకు నా అనుభవంలో మంచీ చెడూ రెండూ చెప్పాలని రాస్తున్నాను.

నాది ఇంజన్ బండి పొడవు వెంట కూర్చున్న పాత తరహా బండి. అలాంటి వాటిలో సాధారణంగా ఫ్యాన్ వాటర్ పంపు ఇరుసు మీదే ఉంటుంది, బెల్టుతో తిరుగుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. బండి ఆగి ఉన్నప్పుడు రేడియేటర్‌కు గాలి అందించేది ఫ్యాన్ ఒక్కటే. సరిగ్గా అప్పుడే ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతూ ఉంటుంది కాబట్టి ఫ్యాన్ కూడా నీరసంగా తిరుగుతుంది. హైవే మీద ఎదురుగాలే రేడియేటర్‌కు సరిపోతుంది, ఫ్యాన్‌తో పెద్దగా పని ఉండదు. కానీ ఇంజన్ వేగంగా తిరుగుతుంది కాబట్టి ఫ్యాన్ కూడా దానితోపాటే తిరగాలి.

ఈ తేడాను కొంత సర్దడానికే మధ్యలో విస్కస్ క్లచ్ పెడతారు. దాని ముఖం మీద చిన్న లోహపు స్ప్రింగు ఒకటి ఉంటుంది. రేడియేటర్ గుండా వచ్చే గాలి వేడెక్కితే ఆ స్ప్రింగు లోపలి వాల్వును తెరుస్తుంది, సిలికాన్ నూనె పళ్లేల మధ్యకు చేరి ఫ్యాన్‌ను పట్టి తిప్పుతుంది. గాలి చల్లబడితే పట్టు వదులుతుంది. చక్కని ఏర్పాటే. అయితే ఏళ్లు గడిచేకొద్దీ నూనె కారిపోతుంది, పట్టు పోతుంది.

అందుకే మొదటి సలహా ఇది. మీ బండి వేడెక్కుతోందని వెంటనే ఎలక్ట్రిక్ ఫ్యాన్లు కొనకండి. ఇంజన్ బాగా వేడెక్కాక ఆపేసి, బ్యాటరీ వైరు తీసి, చేతికి గ్లవ్స్ వేసుకుని ఫ్యాన్‌ను తిప్పి చూడండి. గట్టిగా, జిగటగా తిరగాలి. అడ్డూ ఆపూ లేకుండా గిరగిరా తిరిగితే క్లచ్ పోయినట్టే. హబ్ చుట్టూ నూనె మరకలు కనబడినా అంతే. నేను ముందు క్లచ్ మార్చాను, రేడియేటర్ శుభ్రం చేయించాను, వేడిని బట్టి నీళ్లను రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్ కొత్తది వేశాను. సమస్య సగం తగ్గింది. మిగతా సగం ఆగి ఉన్నప్పుడు గాలి చాలకపోవడమే అని తేలాకే ఈ పనికి దిగాను. రేడియేటర్ లోపల పూడుకుపోయి ఉంటే ఎన్ని ఫ్యాన్లు పెట్టినా లాభం లేదు.

పాత ఫ్యాన్ తీయడం గంట పని. క్లచ్ వెనకాల పెద్ద నట్టు ఉంటుంది. కొన్ని బండ్లలో అది ఎడమ మరతో ఉంటుంది, ఏ వైపు తిప్పాలో ముందే తెలుసుకోండి.

ఫ్యాన్లు కొనేముందు రేడియేటర్‌కు, వాటర్ పంపు ముక్కుకు మధ్య ఎంత ఖాళీ ఉందో కొలిచాను. మోటారు మందం అందులో ఇమిడి, ఇంకా కనీసం రెండు సెంటీమీటర్లు మిగలాలని చూసుకున్నాను. ఇంజన్ దాని రబ్బరు మౌంట్ల మీద ఊగుతుంది కదా. రేడియేటర్ వెనక నుంచి గాలి లాగే రకం పెట్టాను. ముందు నుంచి తోసే రకం కూడా దొరుకుతుంది గానీ అది ఎదురుగాలికి అడ్డు నిలుస్తుంది, వెనకాల చోటు లేనప్పుడే దాని జోలికి వెళ్లాలి. డబ్బా మీద రాసే గాలి లెక్కలను పట్టించుకోకండి. అవి చాలావరకు ముందు ఏ అడ్డూ లేకుండా కొలిచినవి. మీ ఫ్యాన్ రేడియేటర్ ముందుండే ఏసీ కండెన్సర్, రేడియేటర్ రెండింటి గుండా గాలి లాగాలి.

ష్రౌడ్, అంటే ఫ్యాన్లను రేడియేటర్‌కు కలిపే తొడుగు గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే చాలామంది అనవసరం అనుకుని వదిలేసేది అదే. నా రేడియేటర్ కోర్, అంటే గాలి దూరే రేకుల భాగం, 64 సెంటీమీటర్ల వెడల్పు, 42 ఎత్తు. దాదాపు 2,690 చదరపు సెంటీమీటర్లు. రెండు 12 అంగుళాల ఫ్యాన్ల వృత్తాలు కలిపితే సుమారు 1,460. ష్రౌడ్ లేకుండా ఫ్యాన్లను నేరుగా రేడియేటర్‌కు ఆనిస్తే కోర్‌లో సగం పైచిలుకు భాగం నుంచే గాలి వస్తుంది, మూలలు ఊరికే ఉండిపోతాయి. కోర్‌ను మొత్తం కప్పే ష్రౌడ్ పెట్టి, ఫ్యాన్ రెక్కలకు కోర్‌కు మధ్య కొంత ఎడం ఉంచితే మూలల నుంచి కూడా గాలి వస్తుంది. నేను అల్యూమినియం రేకుతో చేయించాను, అంచులకు స్పాంజి పట్టీ వేశాను. అదే ష్రౌడ్ హైవే మీద గాలికి అడ్డు పడుతుంది కాబట్టి ఫ్యాన్లు లేని చోట నాలుగు కిటికీలు కోసి వాటికి రబ్బరు రెక్కలు తగిలించాను. వేగంగా వెళ్లేటప్పుడు గాలి తోసుకుని అవి తెరుచుకుంటాయి, ఆగినప్పుడు ఫ్యాన్ లాగుడుకు మూసుకుంటాయి. ఈ రెక్కలు లేని మొదటి నెలలో హైవే మీద ముల్లు మామూలు కన్నా కొంచెం పైనే ఉండేది. పెట్టాక పాత చోటికి వచ్చింది.

ఫ్యాన్ల కిట్‌తోపాటు రేడియేటర్ కోర్ గుండా దూర్చి బిగించే ప్లాస్టిక్ టైలు ఇస్తారు. వాటిని పక్కన పడేయండి. ఫ్యాన్ బరువంతా సన్నని రేకుల మీద, గొట్టాల మీద పడుతుంది. అదురుకు అవి రాసుకుని రాసుకుని చివరికి రేడియేటర్ కారుతుంది.

ఇక వైరింగ్. ఈ మార్పులో అసలు పని ఇదే, నేను దెబ్బ తిన్నదీ ఇక్కడే. నా ఫ్యాన్లు ఒక్కొక్కటి తిరుగుతున్నప్పుడు 12 ఆంపియర్లు తీసుకుంటాయి, క్లాంప్ మీటరుతో చూశాను. మొదలయ్యే క్షణంలో అంతకు రెట్టింపు పైన లాగుతాయి. మొదట బిగించిన ఎలక్ట్రీషియన్ రెండు ఫ్యాన్లనూ పెద్ద కరెంటును ఆన్ చేసే స్విచ్ లాంటి ఒకే రిలే మీద, ఒకే ఫ్యూజు మీద, కిట్‌లో వచ్చిన సన్నని వైరుతోనే కలిపేశాడు. ఐదో నెలలో ఒకరోజు బానెట్ నుంచి ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. తెరిచి చూస్తే ఫ్యూజు హోల్డర్ కరిగిపోయి ఉంది. ఫ్యూజు మాత్రం పోలేదు. లూజు కాంటాక్టు దగ్గర వేడి పుట్టి హోల్డర్ కరిగింది గానీ కరెంటు ఫ్యూజు పోయేంతగా పెరగలేదు. ఆ రోజు ఇంటికి చేరేవరకు ఇంజన్ వేడి కొంత అటు పోయేలా హీటరు ఫుల్లుగా పెట్టుకుని, కిటికీలు తెరుచుకుని, అడుగడుగునా ముల్లు చూసుకుంటూ వచ్చాను.

ఆ తర్వాత వైరింగంతా నేనే తీసి మళ్లీ చేశాను. ఒక్కో ఫ్యాన్‌కు వేరే 40 ఆంపియర్ల రిలే, వేరే ఫ్యూజు, 6 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. ఫ్యూజులు బ్యాటరీకి జానెడు దూరంలోనే పెట్టాను. ఎర్త్ వైరును దగ్గరున్న రేకుకు బిగించకుండా, అంతే మందం వైరుతో బ్యాటరీ దాకా తీసుకెళ్లాను. తేడా మీటరులోనే కనబడింది. పాత వైరింగ్‌తో బ్యాటరీ దగ్గర 13.4 వోల్టులు ఉంటే ఫ్యాన్ దగ్గర 11.3 మాత్రమే అందేది. ఇప్పుడు 13.1 అందుతోంది. అదే ఫ్యాన్, అదే మోటారు, కానీ చప్పుడు వింటేనే వేగం పెరిగిందని తెలుస్తుంది. ఫ్యాన్ బలహీనంగా ఉందని ఇంకో కంపెనీది కొనేముందు ఈ ఒక్క కొలత తీసి చూడండి.

ఇంజన్‌తో తిరిగి కరెంటు తయారు చేసే ఆల్టర్నేటర్ సంగతి కూడా ముందే ఆలోచించాల్సింది. నాది 65 ఆంపియర్లది. కానీ ఆ అంకె ఇంజన్ వేగంగా తిరిగినప్పటిది, బండి ఆగి ఇంజన్ నెమ్మదిగా తిరిగే ఐడిలింగ్‌లో అంత ఇవ్వదు. రాత్రి పూట ట్రాఫిక్‌లో హెడ్‌లైట్లు, ఏసీ, రెండు ఫ్యాన్లు కలిస్తే వోల్టేజి 12.3కి పడేది. అంటే బ్యాటరీ నిండడం లేదు, ఖాళీ అవుతోంది. మొదటి వర్షాకాలంలో వైపర్లు కూడా తోడయ్యేసరికి ఒక ఉదయం బండి స్టార్ట్ కాలేదు. 90 ఆంపియర్ల ఆల్టర్నేటర్ వేయించాక ఆ ఇబ్బంది మళ్లీ రాలేదు. ఈ ఖర్చు ఫ్యాన్ల ఖర్చులో కలిపి లెక్క వేసుకోవాలి.

ఫ్యాన్ ఎప్పుడు తిరగాలో చెప్పే సెన్సర్ విషయంలో కూడా కిట్ నిరాశపరిచింది. అందులోది రేడియేటర్ రేకుల మధ్య గుచ్చే సూది రకం. అది నీటి వేడిని సరిగ్గా పట్టుకోలేదు, ఒక్కోరోజు ఒక్కోలా పనిచేసేది. దాన్ని తీసేసి, ఇంజన్ నుంచి వేడి నీళ్లు బయటికి వచ్చే థర్మోస్టాట్ హౌసింగ్‌లో మర బిగించే స్విచ్ పెట్టాను. నా థర్మోస్టాట్ 82 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలవుతుంది. మొదటి ఫ్యాన్ 92 దగ్గర ఆన్ అయి 87 దగ్గర ఆగుతుంది, రెండోది 97కి వస్తుంది. చల్లగా ఉంటే మంచిదే కదా అని ఫ్యాన్‌ను 80కే ఆన్ అయ్యేలా పెట్టేవాళ్లు ఉన్నారు. ఇంజన్‌లో నీళ్లను 82 పైనే ఉంచడం థర్మోస్టాట్ పని కాబట్టి ఆ ఫ్యాన్ ఇక ఆగదు, మోటారు తొందరగా అరిగిపోతుంది. ఏసీ కంప్రెసర్ ఆన్ అయితే నీటి వేడితో సంబంధం లేకుండా మొదటి ఫ్యాన్ తిరిగేలా ఇంకో వైరు కలిపాను. ఇది తప్పనిసరి. కండెన్సర్‌కు గాలి లేకపోతే ఏసీ గ్యాస్ ప్రెషర్ పెరిగిపోతుంది.

ఇంత చేశాక వచ్చిన ఫలితం నాకు పూర్తిగా నచ్చింది. మండుటెండలో, ఏసీతో, అరగంట ఆగి ఉన్నా ముల్లు సగం దాటదు. ఆగినప్పుడు ఏసీ గాలి గోరువెచ్చగా మారే బాధ కూడా పోయింది, నిజానికి ఇంట్లోవాళ్లు ముందు గమనించింది అదే. చలికాలం పొద్దున్నే ఇంజన్ తొందరగా వేడెక్కుతుంది. వేగం అందుకునేటప్పుడు వచ్చే ఆ హోరు లేదు. నీళ్లు నిలిచిన రోడ్డు దాటేటప్పుడు ఫ్యాన్లు ఆపడానికి డాష్‌బోర్డు మీద స్విచ్ పెట్టుకున్నాను. తిరుగుతున్న రెక్కలు నీళ్లలో మునిగితే వంగి రేడియేటర్‌ను కోసే ప్రమాదం ఉంది.

ఇంజన్ శక్తి పెరుగుతుందని చెప్పే మాటలు మాత్రం నమ్మకండి. క్లచ్ ఉన్న ఫ్యాన్ చల్లగా ఉన్నప్పుడు ఎలాగూ జారుతూ తిరుగుతుంది, పెద్దగా తినేది ఏమీ లేదు. రెండు ఎలక్ట్రిక్ ఫ్యాన్లు 24 ఆంపియర్లు, 13 వోల్టుల దగ్గర 300 వాట్లకు పైగా తీసుకుంటాయి. ఆ కరెంటు తయారు చేయడానికి ఆల్టర్నేటర్ ఇంజన్ నుంచి ఇంకా ఎక్కువే లాగుతుంది. లాభమల్లా అవి అస్తమానం తిరగవు, అవసరమైనప్పుడే తిరుగుతాయి అన్నదే. మైలేజి నేను ప్రతి ట్యాంకుకూ రాసుకుంటాను. తేడా ఉందని ధైర్యంగా చెప్పేంత ఏమీ కనబడలేదు.

రెండున్నరేళ్ల దగ్గర కుడివైపు ఫ్యాన్ మోటారు బేరింగు కీచుమని, వారం తిరక్కుండానే ఆగిపోయింది. రెండో ఫ్యాన్ బండిని కాపాడింది. ఒకటే పెద్ద ఫ్యాన్ బదులు రెండు చిన్నవి పెట్టమని చెప్పడానికి నాకు ఇదే ముఖ్యమైన కారణం. కానీ ఒకటి ఆగిందన్న సంగతి చప్పుడు మారితేనే తెలిసింది. అప్పటి నుంచి ఒక్కో రిలే దాటాక ఒక చిన్న దీపం పెట్టుకున్నాను. కరెంటు వెళ్తోందో లేదో అది చెబుతుంది, మోటారు తిరుగుతోందో లేదో నెలకోసారి బానెట్ ఎత్తి చూసుకుంటాను. అదనపు రిలే ఒకటి, ఫ్యూజులు రెండు ఎప్పుడూ బండిలోనే ఉంటాయి. బెల్టు ఫ్యాన్‌కు ఇవేవీ అక్కర్లేదు. బెల్టు తెగనంత కాలం అది తిరుగుతూనే ఉంటుంది, ఆ నిశ్చింత ఇప్పుడు లేదు.

పాత ఫ్యాన్ మేలనిపించిన చోటు ఒకటుంది. నిండా మనుషులతో, సామానుతో, రెండో గేరులో పొడుగాటి కొండ ఎక్కేటప్పుడు. అప్పుడు ఇంజన్ 3,000 చుట్లు తిరుగుతుంది, బండి మాత్రం నెమ్మదిగా పోతుంది, ఎదురుగాలి ఉండదు. క్లచ్ పట్టిన బెల్టు ఫ్యాన్ అక్కడ విపరీతమైన గాలి లాగేది. నా రెండు ఫ్యాన్లు అక్కడ ఆగకుండా తిరిగినా ముల్లు సగం కన్నా కొంచెం పైకి వెళ్తుంది, పైన చదునుగా ఉన్న చోటికి చేరాకే దిగుతుంది. ఇంతవరకు ప్రమాదం దాకా రాలేదు. కానీ ట్రైలర్ లాగేవాళ్లు, ఎప్పుడూ బరువుతో కొండలెక్కేవాళ్లు మంచి క్లచ్ వేయించుకుని పాత ఫ్యాన్‌నే ఉంచుకోండి. నా పాత ఫ్యాన్, క్లచ్ అమ్మలేదు. నిలువుగా నిలబెట్టి దాచాను, ఎందుకంటే పడుకోబెడితే లోపలి నూనె కారిపోతుంది. ఎప్పుడైనా ఈ బండితో బరువులు లాగాల్సి వస్తే దాన్నే మళ్లీ బిగిస్తాను.